పాస్‌పోర్టు, వీసా, వలస అనుమతి: సరిహద్దు తెలుగువారు ఏ పనికి ఎవరిని అడగాలి?

"మా ఇల్లు బరంపురంలో ఉంది, నా పదో తరగతి ఇచ్ఛాపురంలో అయింది, ఓటు గంజాం జిల్లాలో ఉంది, మా నాన్నగారి కాగితాలన్నీ శ్రీకాకుళం జిల్లావి, మరి నాకు పాస్‌పోర్టు ఏ రాష్ట్రం ఇస్తుంది?" ఒడిశాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో విదేశీ ప్రయాణం మాట వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న పుడుతుంది. దీనికి జవాబు తెలియకపోవడం వల్లనే చాలామంది మొదటి అడుగులోనే దళారి చేతికి డబ్బు, కాగితాలు రెండూ అప్పగిస్తున్నారు. జవాబు నిజానికి చిన్నది: పాస్‌పోర్టు ఏ రాష్ట్రమూ ఇవ్వదు, భారత ప్రభుత్వం ఇస్తుంది. కాబట్టి సరిహద్దుకు ఇటు ఉన్నా, అటు ఉన్నా హక్కు ఒకటే, చట్టం ఒకటే.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 19వ అంశం ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతుంది. దేశంలోకి ప్రవేశం, దేశం నుంచి వలస, బహిష్కరణ, పాస్‌పోర్టులు, వీసాలు అన్నీ ఆ అంశం కిందికి వస్తాయి. పౌరసత్వం, విదేశీయుల విషయం 17వ అంశంలో ఉంది. అయితే కేంద్రం అంటే ఒకే కార్యాలయం కాదు. పాస్‌పోర్టు ఇవ్వడం, విదేశాలలో ఉద్యోగానికి వెళ్లే కార్మికులకు వలస అనుమతి ఇవ్వడం, పరాయి దేశంలో చిక్కుకున్న మనవారిని ఆదుకోవడం విదేశాంగ మంత్రిత్వ శాఖ బాధ్యతలు. విమానాశ్రయంలో, ఓడరేవులో పాస్‌పోర్టుపై ముద్ర వేసే ఇమిగ్రేషన్ విభాగమూ, మన దేశానికి వచ్చే విదేశీయుల నమోదూ హోం మంత్రిత్వ శాఖ కిందివి. రాష్ట్ర ప్రభుత్వానికి మిగిలేది ముఖ్యంగా పోలీసు విచారణ. ఇక మనం వెళ్లదలచిన దేశపు వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం పూర్తిగా ఆ దేశం ఇష్టం. అందులో మన ప్రభుత్వంలోని ఏ అధికారీ జోక్యం చేసుకోలేడు. "ఢిల్లీలో మనవాళ్లున్నారు, దుబాయి వీసా వేయిస్తాను" అని ఎవరైనా అంటే, ఆ మాట అక్కడికక్కడే అబద్ధమని గ్రహించవచ్చు.

దరఖాస్తు విధానంలోకి వెళ్లే ముందు చరిత్ర ఒక్క మాట చెప్పుకోవాలి, ఎందుకంటే కార్యాలయంలో నిలబడ్డవారికి అది ధైర్యాన్నిస్తుంది. ఒకప్పుడు పాస్‌పోర్టు ఇవ్వడం ప్రభుత్వం దయగా ఉండేది. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా దానిని కాదనే అధికారం ప్రభుత్వానికి లేదనీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఫలితంగానే అదే సంవత్సరం పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. కారణం చెప్పకుండా పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవడంపై 1978 జనవరిలో మేనకా గాంధీ కేసులో వచ్చిన తీర్పు, ప్రభుత్వ చర్య న్యాయంగా, సహేతుకంగా ఉండాలని తేల్చింది. అంటే కౌంటరు దగ్గర మనం అడిగేది ఉపకారం కాదు.

దరఖాస్తు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైటులో గాని, 'ఎంపాస్‌పోర్ట్ సేవా' అనే మొబైల్ యాప్‌లో గాని మాత్రమే చేయాలి. పేరులోనూ రూపంలోనూ దానిని పోలిన ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' ఉన్నదో లేదో చూసుకోవాలి. పెద్దలకు 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు రుసుము 1500 రూపాయలు, 60 పేజీలకు 2000 రూపాయలు, తత్కాల్ కావాలంటే పైన మరో 2000 రూపాయలు, పిల్లలకు 1000 రూపాయలు. ఈ సొమ్ము ఆన్‌లైనులోనే చెల్లించి, కుదిరిన రోజును ఎంచుకొని, అసలు కాగితాలతో వెళ్లాలి. ఇంతకు మించి ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు.

ఏ కేంద్రానికి వెళ్లాలన్న ప్రశ్నకు 2018 నుంచి జవాబు సులువైంది. ఒడిశా అంతటికీ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. ఉత్తరాంధ్రకు విశాఖపట్నంలో ఉంది. అయితే దేశంలో ఎక్కడ నివసించేవారైనా తమకు వీలైన ఏ పాస్‌పోర్టు కార్యాలయాన్నయినా ఎంచుకొని దరఖాస్తు చేయవచ్చు. పర్లాకిమిడి మనిషికి విశాఖ రైలు అనుకూలంగా ఉంటే విశాఖకే వెళ్లవచ్చు. 2017 నుంచి కొన్ని తపాలా కార్యాలయాలలో కూడా పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెరిచారు. దరఖాస్తు నింపేటప్పుడు కనిపించే జాబితాలో దగ్గరి కేంద్రాన్ని చూసుకోవాలి. కాని ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి: కాగితాలు ఎక్కడ ఇచ్చినా, పోలీసు విచారణ మాత్రం దరఖాస్తులో రాసిన ప్రస్తుత చిరునామాకే వస్తుంది. విశాఖలో చుట్టాలున్నారని వారి చిరునామా రాసి, విచారణ రోజున అక్కడ దొరకక, దరఖాస్తు ఆగిపోయినవారిని నేను చూశాను. ఇల్లు బరంపురంలో ఉంటే బరంపురమే రాయాలి. తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షను ప్రకారం నేరం; దానికి రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

పాస్‌పోర్టు సేవా కేంద్రంలో వరుసగా మూడు కౌంటర్లుంటాయి. మొదటి కౌంటరులో కాగితాలు స్కాను చేసి, ఫోటో, వేలిముద్రలు తీసుకునేది ఒప్పందం మీద పనిచేసే కంపెనీ సిబ్బంది. రెండవ, మూడవ కౌంటర్లలో కాగితాలు సరిచూసి నిర్ణయం తీసుకునేది ప్రభుత్వ అధికారులు. ఈ తేడా తెలిసి ఉండాలి. మొదటి కౌంటరులో "ఇది కుదరదు" అన్నంత మాత్రాన దరఖాస్తు తిరస్కరించినట్టు కాదు, అధికారితో మాట్లాడించమని మర్యాదగా అడగవచ్చు.

మన ప్రాంతంలో అసలు చిక్కు డబ్బులో లేదు, దూరంలో లేదు, పేరులో ఉంది. తెలుగువారి ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలా కాగితాలలో ఒక పొడి అక్షరంగానే ఉంటుంది. ఒడియావారి ఇంటిపేరు చివర ఉంటుంది. ఒకే మనిషి ఆంధ్రా బడి ధ్రువపత్రంలో 'బి. వెంకటరావు' అయితే, ఒడిశా ఓటరు కార్డులో ఒడియా లిపి నుంచి ఇంగ్లీషులోకి మారిన పేరు 'భేంకట రావు' అవుతుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా చివరకు చేరుతుంది. మూడు కాగితాలు, ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు మరో గడి ఉంటాయి. పొడి అక్షరాలు పనికిరావు, విప్పి రాయాలి. కాబట్టి దరఖాస్తుకు కూర్చోవడానికి కనీసం రెండు మూడు నెలల ముందే అన్ని కాగితాలూ బల్ల మీద పరచి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఇంగ్లీషు అక్షరం అక్షరం పోల్చి చూడాలి. పదో తరగతి ధ్రువపత్రాన్ని, మన ఒడిశా వాడుకలో మెట్రిక్ సర్టిఫికెట్టును, ప్రమాణంగా పెట్టుకొని ఆధార్‌ను, ఓటరు కార్డును దానికి అనుగుణంగా దిద్దించుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే బోర్డు ధ్రువపత్రాన్ని మార్పించడం అన్నిటికన్నా కష్టం, పైగా ముందు చెప్పబోయే వలస అనుమతి వ్యవహారంలోనూ అదే అక్కరకు వస్తుంది. దిద్దించుకోలేని పాత పేరు ఏదైనా మిగిలితే దాచకూడదు. వేరే పేరుతో కూడా పిలుస్తారా, ఎప్పుడైనా పేరు మార్చుకున్నారా అని దరఖాస్తులోనే అడుగుతారు. అక్కడ నిజం రాస్తే అది వివరణ అవుతుంది, రాయకపోతే విచారణలో అదే అనుమానం అవుతుంది. పెళ్లై సరిహద్దు దాటి వచ్చిన కోడళ్ల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఆమె పుట్టింటి కాగితాలు ఒక రాష్ట్రంలో, అత్తింటి కాగితాలు మరో రాష్ట్రంలో, రెండు భాషలలో ఉంటాయి.

పుట్టిన తేదీ రుజువు విషయంలో 2025లో నిబంధన మారింది. 2023 అక్టోబరు 1న గాని, ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. అంతకు ముందు పుట్టినవారు బడి ధ్రువపత్రం, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటివి చూపవచ్చు. కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం కనుక, బిడ్డ ఏ రాష్ట్రంలో పుడితే ఆ రాష్ట్రంలోనే జననం నమోదవుతుందని గుర్తుంచుకొని, తిరిగి వచ్చే లోపే పత్రం తెచ్చుకోవాలి.

తరువాతిది పోలీసు విచారణ. గంజాం ఒకే రెవెన్యూ జిల్లా అయినా అందులో పోలీసు జిల్లాలు రెండున్నాయి. బరంపురానికి ఒక ఎస్పీ, ఛత్రపురం కేంద్రంగా గంజాంకు మరొక ఎస్పీ. దరఖాస్తులో ఠాణా పేరు తప్పుగా ఎంచుకుంటే కాగితం ఒక ఎస్పీ కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిరుగుతుంది. కనుక మీ వీధి ఏ ఠాణా కిందికి వస్తుందో ముందే తెలుసుకోండి. విచారణకు వచ్చిన ఉద్యోగి చూసేవి ముఖ్యంగా మూడు: మీరు మీరేనా, ఆ చిరునామాలో ఉంటున్నారా, మీపై క్రిమినల్ కేసులున్నాయా. ఈ విచారణకు దరఖాస్తుదారు చెల్లించవలసిన రుసుము లేదు. పోలీసులు ఇచ్చేది నివేదిక మాత్రమే. పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం పాస్‌పోర్టు అధికారిదే.

ఊళ్లలో గట్టు తగాదాలు, బంధువుల గొడవలు కేసుల దాకా వెళ్లడం కొత్త కాదు. "ఎఫ్ఐఆర్ ఉంది, ఇక నీకు పాస్‌పోర్టు రాదు" అని బెదిరించేవారుంటారు. పాస్‌పోర్టుల చట్టం 6వ సెక్షనులో చెప్పిన అడ్డంకి కోర్టులో పెండింగులో ఉన్న క్రిమినల్ విచారణ. కేవలం ఎఫ్ఐఆర్ నమోదై దర్యాప్తు సాగుతున్నంత మాత్రాన అది ఆ అడ్డంకి కిందికి రాదని, కోర్టు ఆ కేసును విచారణకు స్వీకరించినప్పుడే వస్తుందని విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో తన కార్యాలయాలకు తెలియజేసింది. కేసు కోర్టులో ఉన్నా దారి మూసుకుపోదు. ఆ కోర్టు నుంచే విదేశీ ప్రయాణానికి అనుమతి ఉత్తర్వు తెచ్చుకుంటే, 1993 నాటి నోటిఫికేషన్ ప్రకారం పరిమిత కాలానికి పాస్‌పోర్టు ఇస్తారు. ఉత్తర్వులో గడువు రాయకపోతే అది ఒక ఏడాదికి వస్తుంది. అందువల్ల వకీలుతో కోర్టులో ఎంతకాలానికి అనుమతి కావాలో స్పష్టంగా అడిగించుకోవాలి. కేసును దాచి దరఖాస్తు చేయడం మాత్రం ఎన్నడూ చేయవద్దు.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయడం అధికారి విధి. భద్రత వంటి ప్రత్యేక సందర్భాలలో తప్ప, అడిగినప్పుడు దాని ప్రతి ఇవ్వాలి. ఆ ఉత్తర్వుపై 30 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు. తిరస్కారమూ లేక, ఆమోదమూ లేక దరఖాస్తు ఊరికే నిలిచిపోతే, ముందు 1800 258 1800 నంబరుకు ఫోను చేసి ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. పాస్‌పోర్టు కార్యాలయంలో ఆగితే సమాచార హక్కు దరఖాస్తు అక్కడి కేంద్ర సమాచార అధికారికి తెల్లకాగితం మీద 10 రూపాయల రుసుముతో పెట్టవచ్చు. ఎస్పీ కార్యాలయంలో ఆగితే రాష్ట్ర సమాచార అధికారికి పెట్టాలి, దానికి ఒడిశా నిబంధనల ప్రకారం ఫారం-ఎ నింపాలి. చాలామంది ఇక్కడే పొరబడి, ఆగింది ఒకచోట అయితే అడిగేది మరొకచోట అవుతుంది.

పాస్‌పోర్టు చేతికి వచ్చాక చివరి పేజీ చూడండి. అక్కడ 'ఇసిఆర్' (వలస తనిఖీ అవసరం) అన్న ముద్రణ ఉంటే, మీరు 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు 1983 నాటి వలసల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సౌదీ అరేబియా, యుఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్, జోర్డాన్ మొదలైనవి ఆ జాబితాలోనివి. మెట్రిక్ పాసైనవారికి ఈ ముద్ర పడదు, అనుమతి అక్కరలేదు. అందుకే ఆ ధ్రువపత్రాన్ని దరఖాస్తు సమయంలోనే జతపరచాలి. చదువు లేని కార్మికుడిని అనుమానించి పెట్టిన నిబంధన కాదిది. జీతం, గంటలు, వసతి రాతలో ఉన్నాయో లేదో, పిలిచిన యజమాని నిజంగా ఉన్నాడో లేదో ఒక ప్రభుత్వ అధికారి, వలస కార్మికుల సంరక్షకాధికారి, చూసి సంతకం పెట్టాలని ఉద్దేశం. ఒకప్పుడు గోపాలపురం రేవు నుంచి ఓడలెక్కి రంగూనుకు కూలికి పోయిన మన పెద్దలకు ఇంతపాటి రక్షణ లేదు. దానిని తప్పించుకునే దారి వెతకడం మనకు మనం చేసుకునే అన్యాయం.

ఈ అనుమతి 'ఈ-మైగ్రేట్' అనే ప్రభుత్వ పోర్టలు ద్వారా జరుగుతుంది. విదేశీ ఉద్యోగానికి మనుషులను పంపే ప్రతి ఏజెంటుకూ ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరును ఈ పోర్టలులో ఎవరైనా సరిచూడవచ్చు. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు కూడా కార్మికుడి నుంచి సేవారుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. లక్షన్నర అడిగి రసీదు లేదనేవాడు ఎంత దగ్గరి బంధువైనా నమ్మదగినవాడు కాదు. ఇసిఆర్ పాస్‌పోర్టుతో వెళ్లే కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. ఇసిఆర్ పాస్‌పోర్టుతో ఈ దేశాలకు ఉద్యోగానికి వెళ్లే స్త్రీలకు కనీస వయసు 30 ఏళ్లు.

అనుమతి తప్పించడానికి ఏజెంట్లు వాడే పాత ఉపాయం విజిట్ వీసా. "ఇప్పుడు చూడ్డానికి వెళ్తున్నట్టు వెళ్లు, అక్కడ దిగాక పని వీసాగా మారుస్తాం" అంటారు. మా వీధి కుర్రవాడు ఒకడు ఈ మాట నమ్మి గల్ఫుకు వెళ్లి, వీసా గడువు దాటిపోయి, జరిమానా కట్టలేక నాలుగు నెలలు ఒక గదిలో దాక్కున్నాడు. అతడి పేరు ఏ ప్రభుత్వ నమోదులోనూ కార్మికుడిగా లేదు, ఒప్పందం లేదు, బీమా లేదు. వాళ్లమ్మ మా ఇంటి అరుగు మీద కూర్చొని నా చేత ఉత్తరాలు రాయించిన రోజులు నేను మరచిపోలేను. కంబోడియా, మయన్మార్, లావోస్‌లలో కంప్యూటరు ఉద్యోగాలంటూ పిలిచి సైబరు మోసాలు చేయించే ముఠాల గురించి విదేశాంగ శాఖ పదేపదే హెచ్చరించింది. అక్కడికీ చాలామందిని తీసుకుపోయేది విజిట్ వీసా మీదనే. సూరత్ మరమగ్గాల పనికి రైలెక్కినట్టు, కాగితాలేవీ చూసుకోకుండా విదేశానికి వెళ్లకూడదు. విమానమెక్కే ముందు వీసా రకం పేరు, దాని గడువు, యజమాని పేరు మీకై మీరు చదివి, లేదా నమ్మకమైనవారి చేత చదివించుకొని తెలుసుకోవాలి.

విమానాశ్రయంలో మిమ్మల్ని ప్రశ్నించేది హోం శాఖ కిందనున్న ఇమిగ్రేషన్ అధికారి. 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం, 2025 అమలులోకి వచ్చి, 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాలుగు పాత చట్టాల స్థానాన్ని తీసుకుంది. నకిలీ పాస్‌పోర్టు గాని వీసా గాని వాడినా, సరఫరా చేసినా ఈ చట్టం కింద రెండు నుంచి ఏడేళ్ల జైలు, లక్ష నుంచి 10 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. "కాగితం ఏజెంటు ఇచ్చాడు, నాకు తెలియదు" అని రుజువు చేసుకోవడం చాలా కష్టం.

ఇదే చట్టం ఇంట్లో కూర్చున్న మనకూ ఒక బాధ్యత పెట్టింది. గోపాలపురం తీరంలో గది అద్దెకిచ్చేవారైనా, బరంపురంలో లాడ్జి నడిపేవారైనా, విదేశీయుడు దిగితే 24 గంటలలోగా ఆ వివరాలు ఆన్‌లైనులో నమోదు అధికారికి పంపాలి. విదేశీ విద్యార్థిని చేర్చుకున్న విద్యాసంస్థలకూ, విదేశీ రోగిని చేర్చుకున్న ఆసుపత్రులకూ ఇదే విధమైన బాధ్యత ఉంది. ఇక్కడ విదేశీయుడు అంటే భారత పౌరుడు కానివాడు; మరో రాష్ట్రంవాడు కాడు. గజపతి జిల్లా చంద్రగిరిలో 1960లలో స్థిరపడిన టిబెటన్లున్నారు. వారి ఊరికి విదేశీ అతిథిని తీసుకువెళ్లదలచుకున్నవారు ముందుగా జిల్లా ఎస్పీ కార్యాలయంలో అనుమతి విషయం అడగాలి.

విదేశంలో ఆపద వస్తే అడగవలసింది ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయాన్ని. ఇంటి దగ్గరున్నవారు విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, కార్మికుల విషయమైతే 1800 11 3090 నంబరుకు ఫోను చేయవచ్చు. దిక్కులేని స్థితిలో ఉన్నవారిని ఇంటికి చేర్చడానికి, మరణించినవారి భౌతికకాయాన్ని తేవడానికి రాయబార కార్యాలయాల దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఇది 2009లో ఏర్పడింది. యజమాని పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకుంటే కూడా అక్కడే చెప్పాలి. మన పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షను ప్రకారం పాస్‌పోర్టు ఎల్లప్పుడూ భారత ప్రభుత్వపు ఆస్తి, ఏజెంటు అయినా యజమాని అయినా దానిని తాకట్టు వస్తువులా పట్టుకునే హక్కు లేదు.

వీటన్నిటికీ అవసరమయ్యేవి నాలుగు కాగితాలే: పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకళ్లు, వీసా నకలు, ఉద్యోగ ఒప్పందం, బీమా పత్రం. ప్రయాణం ముందు రోజున వాటిని రెండు జతలు తీయించి, ఒకటి ఇంట్లో బియ్యం డబ్బా పక్కన కాక బీరువాలో పెట్టి, ఎక్కడ పెట్టారో ఇంట్లో చదవగలిగిన మరొక మనిషికి చూపించి బయలుదేరండి.